ఇథాకాలో గ్రాడ్యుయేషన్‌కి అమ్మానాన్నలు వస్తున్నారు: బొటిక్ హోటలా, మామూలు చైన్ హోటలా?

తెనాలి కుర్రోడు:
అందరికీ నమస్తే. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న ఊళ్లో ఉన్న కార్నెల్ యూనివర్సిటీలో ఎంఇంజి (ఇంజినీరింగ్‌లో మాస్టర్స్) చేస్తున్నా, మే నెలాఖరులో గ్రాడ్యుయేషన్. అమ్మా నాన్నా తెనాలి నుంచి వస్తున్నారు, ఇద్దరికీ అమెరికా ఇదే మొదటిసారి. నేనుండే ఇంట్లో నలుగురం, ఒకటే బాత్రూమ్, అక్కడ వాళ్లని ఉంచలేను. హైవే పక్కనుండే చైన్ హోటల్లో దింపితే పని జరిగిపోతుంది కానీ నాకు మనసొప్పట్లేదు. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, నైట్ డ్యూటీలన్నీ డిపో రెస్ట్‌రూముల్లో పడుకునే గడిపారు, ఈ ఒక్కసారైనా మంచి చోట ఉంచాలని ఉంది. డౌన్‌టౌన్‌లో కామన్స్ (కార్లు తిరగని షాపుల వీధి) చుట్టుపక్కల పాత బంగళాల్ని చిన్న బొటిక్ హోటళ్లుగా మార్చినవి చూశా, ఎత్తైన కిటికీలు, చెక్క మెట్లు, చాలా బాగున్నాయి. అయితే అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా తినదు. ఒక చోట మూడు రాత్రులకి తక్కువైతే ఇవ్వమన్నారు, డబ్బు ముందే కట్టాలి, వెనక్కి రాదు. వీసా ఇంటర్వ్యూ ఇంకా అవలేదు. రేటేమో మామూలు రోజులకి రెట్టింపు పైనే ఉంది. ఇంత పెట్టడం దండగా? పెద్దవాళ్లని ఇలాంటి చోట ఉంచినవాళ్లుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సిరక్యూస్ అక్క:
కంగ్రాట్స్ తమ్ముడూ. ముందు వీసా సంగతి చూడు. వీసా చేతికి రాకుండా ప్రయాణం ఖరారు చేసుకోవద్దని కాన్సులేట్ వాళ్లే చెప్తారు, కానీ ఇథాకాలో అలా ఆగితే రూమ్ దొరకదు. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా 32 వేలు, ఉన్న హోటళ్లు ఆ ఊరికి తగ్గట్టే ఉన్నాయి, గ్రాడ్యుయేషనేమో ఈ మధ్య మెమోరియల్ డే సెలవు వారాంతంలోనే పడుతోంది, అంటే మీ కుటుంబాలతో పాటు జలపాతాలు చూడ్డానికొచ్చే జనం కూడా అప్పుడే దిగుతారు.

అందుకని క్యాన్సిల్ చేసుకునే వీలున్న చైన్ హోటల్ రూమ్ ఒకటి ఇవాళే పట్టి పెట్టు, పక్క ఊరు కోర్ట్‌లాండ్‌లో అయినా పర్వాలేదు, కారులో ఓ అరగంట. ఆ తర్వాత నీకు నచ్చిన చోటికి నేరుగా ఫోన్ చెయ్యి, బుకింగ్ సైట్ల ద్వారా వెళ్తే మధ్యలో వాళ్ల రూల్స్ అడ్డమొస్తాయి. చిన్న హోటల్లో ఫోన్ ఎత్తేది చాలాసార్లు ఓనరో మేనేజరో అయి ఉంటారు. వీసా ఫలానా తేదీకి తేలుతుంది, రాకపోతే ఆ డబ్బు ఇంకో తేదీకి మారుస్తారా, అదే రూమ్ వేరేవాళ్లు తీసుకుంటే మాది వెనక్కిస్తారా అని అడుగు. ఒప్పుకుంటే ఈమెయిల్‌లో రాయించుకో, నోటిమాట మీద కార్డు నంబర్ ఇవ్వకు. కనిపించే రేటు మీద సేల్స్ ట్యాక్స్ 8 శాతం, కౌంటీ రూమ్ ట్యాక్స్ వేరే, అవి కలిపి ఎంతో కూడా తేల్చుకో.

హనుమకొండ:
బ్రో, ఆ ఫోటోల్లో ఉన్న చెక్క మెట్లే అమ్మ రోజూ ఎక్కి దిగాలి, అది ఆలోచించు. మేం మా అత్తమ్మని ఇంకో కాలేజీ ఊళ్లో ఇలాంటి పాత ఇంట్లోనే ఉంచాం. పేరు చెప్పను. గది పైన, లిఫ్ట్ లేదు, బాత్రూమ్‌లో పాతకాలం కాళ్ల టబ్బు, దాని అంచు ఆమె మోకాలికి పైన ఉంది, పట్టుకోవడానికి గోడకి కడ్డీ కూడా లేదు. దాంట్లోకి దిగలేక ఉన్నన్ని రోజులూ సింక్ దగ్గర టవల్ తడుపుకొని ఒళ్లు తుడుచుకుంది. ఖాళీ చేసే రోజు దాకా మాకు తెలియదు. పిల్లలు ఇంత ఖర్చు పెట్టారు కదా అని మనవాళ్లు నోరెత్తరు, సర్దుకుంటారు.

కాబట్టి ఊరికే "పెద్దవాళ్లకి వీలుగా ఉంటుందా" అని అడిగితే ఉంటుందనే అంటారు. వీధి నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు, స్నానానికి టబ్బా లేక నేల మీద నిలబడే షవరా, కడ్డీ ఉందా, ఇవి అడుగు. బాత్రూమ్ ఫోటో పంపమను. అమెరికాలో అన్ని చోట్లా ఈ సదుపాయాలుంటాయనుకోకు, అయిదు గదులకి మించకుండా ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటే 1990 నాటి ఏడీఏ చట్టం (వికలాంగులకి సదుపాయాలుండాలనేది) వాళ్లకి వర్తించదు, చారిత్రక కట్టడాలకీ కొంత వెసులుబాటు ఉంది.

కొండ సంగతి నీకు తెలిసిందే. కామన్స్ నుంచి క్యాంపస్ మ్యాప్‌లో మైలు దూరమే, కానీ అంతా ఎక్కుడు. కాస్కడిల్లా గార్జ్ దారి ఎంత అందంగా ఉన్నా రాతి మెట్లే, ఆమెని అటు తీసుకెళ్లకు.

కిటికీ పక్క సీటు:
పైవాళ్లు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే కానీ నేనైతే బొటిక్కే తీసుకోమంటా. మా నాన్నని ఇలాంటి పాత ఇంట్లో ఉంచితే పొద్దున్నే లేచి వరండాలో కూర్చునేవారు, ఓనర్ కాఫీ తెచ్చిచ్చి ఆ ఇల్లు ఎవరు కట్టారో, పైకప్పు ఎప్పుడు మార్చారో చెప్తుంటే ఈయన మా తాతగారి మండువా ఇంటి గురించి వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పారు. ఇంటికెళ్లాక చుట్టాలందరికీ ఆ ఓనర్ కబుర్లే, నయాగరా గురించి రెండు ముక్కలతో సరిపెట్టారు. మీ నాన్నగారికి నువ్వు ఇవ్వాలనుకుంటున్నది అలాంటిదే అయితే ఆ డబ్బు దండగ కాదు.

ఇథాకాలో అయితే ఆర్గోస్ ఇన్ చూడు, ఆ ఇల్లు 1831 నాటిది, కేక్ మిక్స్ డబ్బాల మీద కనిపించే డంకన్ హైన్స్ బ్రాండ్ ఆఫీసు ఒకప్పుడు అందులోనే ఉండేది. కింద బార్ ఉంది, వారాంతాల్లో సందడి, పెందలాడే పడుకునేవాళ్లయితే దానికి దూరంగా ఉండే గది అడగాలి. మెట్లు మరీ ఇబ్బంది అనుకుంటే క్యాంపస్‌లోనే స్టాట్లర్ హోటల్ ఉంది. అది బొటిక్ కాదు, 150 పైచిలుకు గదులు, లిఫ్ట్ ఉంది, కానీ అది 1922లో మొదలైన మీ కార్నెల్ హోటల్ స్కూల్ వాళ్లదే, అక్కడ చదివే పిల్లలే పనిచేస్తుంటారు. గ్రాడ్యుయేషన్‌కి చాలా ముందే నిండిపోతుంది, అయినా ఎవరైనా మానుకున్నారేమో అప్పుడప్పుడూ కనుక్కుంటూ ఉండు.

తెనాలి కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్. కోర్ట్‌లాండ్‌లో రూమ్ పట్టేశా. తర్వాత ఫోన్లు చేశా. ఒక చోట గ్రౌండ్ ఫ్లోర్ గది అప్పుడే అయిపోయింది. ఇంకో చిన్న ఇన్‌లో ఉంది, వరండాకి మూడు మెట్లు, చేతికి రెయిలింగ్, టబ్బు లేని షవర్, ఫోటో కూడా పంపారు. వీసా రాకపోతే కట్టిన డబ్బు ఏడాది లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చని ఈమెయిల్ పెట్టారు. దాదాపు అదే ఖాయం చేస్తా. ఇక తిండి సంగతి, రూమ్‌లో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా?

సిరక్యూస్ అక్క:
అడగకుండా పెట్టకు. అన్నం వరకు ఒప్పుకున్నా పోపు మాత్రం అసలొద్దు, స్మోక్ అలారం మోగితే ఉన్నవాళ్లంతా రోడ్డు మీదకి రావాలి. నీ ఇంట్లో వండి డబ్బాలు పట్టుకెళ్లు, గదిలో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కో, పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు. బ్రేక్‌ఫాస్ట్‌కి వెజిటేరియన్ అని మాత్రమే చెప్తే ఆమ్లెట్ తెచ్చి ముందు పెడతారు. గుడ్డు వద్దు, పాన్‌కేక్ పిండిలో కూడా వద్దు అని విడమరిచి ముందు రోజే చెప్తే ఓట్‌మీల్, పళ్లు, టోస్ట్ చేసిస్తారు. బయట తినాలంటే మూస్‌వుడ్ రెస్టారెంట్ ఉంది, 1973 నుంచి శాకాహారానికి పేరు, కారం మాత్రం ఆశించకు, టేబుల్ ఇప్పుడే బుక్ చెయ్యి.

గ్రాడ్యుయేషన్ జరిగే షోల్‌కాఫ్ స్టేడియంలో అంతా సిమెంటు మెట్లు. ఎక్కక్కర్లేని సీట్ల కోసం యూనివర్సిటీ వాళ్లకి అమ్మ పేరు మీద ముందే రాసి పెట్టు, కార్డిగన్ ఒకటి తెచ్చుకోమను, మే నెలాఖరైనా అక్కడ పొద్దున చలిగానే ఉంటుంది.