డెవలప్‌మెంటల్ బయాలజీలో పిహెచ్‌డి: తమ్ముణ్ణి చేర్పించాలా, వద్దా?

సుజాత_యలహంక: తమ్ముడికి బెంగళూరులోనే పిహెచ్‌డి సీటొచ్చింది. పండు ఈగ లార్వాలో రెక్క ఎలా రూపుదిద్దుకుంటుందన్నది టాపిక్. సాఫ్ట్‌వేర్ ఆఫర్ కూడా ఉంది, అది వదలొద్దని నాన్న పట్టు. ఏం చెయ్యమంటారు?

రమణ_నెల్లూరు: వద్దండీ. ఫెలోషిప్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. అదలా ఉంచండి, ఆదివారమనేదే ఉండదు. 25 డిగ్రీల్లో ఉన్న ఆడ ఈగను ప్యూపా నుంచి బయటికొచ్చిన 8 గంటల్లోపు వేరు చెయ్యాలి. ఆలస్యమైతే అక్కడున్న మగదానితో కలుస్తుంది, క్రాస్ (మనం ఎంచుకున్న జంటను కలపడం) పాడు. కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిచ్చి, మైక్రోస్కోప్ కింద పాలిపోయిన కడుపులో, అప్పుడే బయటికొచ్చిందని తెలిపే నల్లచుక్క వెతికి, బ్రష్‌తో ఒక్కోదాన్నీ పక్కకు తొయ్యాలి. నాలుగేళ్లు చేశాను.

లక్ష్మి_ఈగలల్యాబ్: రమణ గారూ, వయల్స్ (ఈగల సీసాలు) 18 డిగ్రీల్లో పెడితే దాదాపు 16 గంటలు టైమ్ దొరుకుతుంది. ఆదివారం పొద్దున ఒక్కసారి వస్తే చాలు.

రమణ_నెల్లూరు: 18లో ఎదుగుదల సగానికి పడిపోతుంది. పది రోజుల తరానికి ఇరవై రోజులు పడుతుంది.

లక్ష్మి_ఈగలల్యాబ్: మొదట్నుంచీ అక్కడే పెంచమనలేదు, శనివారం రాత్రి మార్చమన్నాను. న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ అనే శాస్త్రవేత్తలు ఈ ఈగ పిండాలనే ఓపిగ్గా చూసి, ఏ జన్యువు చెడితే ఒంట్లో ఏ ఖండం పోతుందో 1980లో తేల్చారు. 1995లో నోబెల్ వచ్చింది. కష్టపడకుండానే వచ్చిందా?

కిరణ్_చెన్నై: ఇంతకీ ఆ అబ్బాయికి ఏది ఇష్టం?

రమణ_నెల్లూరు: ఆ "ఒక్కసారి" కోసమే మా అమ్మ ఆపరేషన్ ముందురోజు నెల్లూరు బస్సెక్కలేదు. ఆ రోజు ఏరిన ఈగలతోనే పేపరొచ్చింది. మొదటి పేరు నా తర్వాత చేరినతనిది. నా పేరు చివర్న కృతజ్ఞతల్లో. నోబెల్ అన్నారుగా, ఆర్గనైజర్ (పిండంలో చుట్టూ ఉన్న కణాలు ఏ భాగంగా మారాలో నడిపించే ముక్క) ప్రయోగాలు చేతులారా చేసింది హిల్డె మాంగోల్డ్. 1935లో ప్రైజు ఆవిడ గైడ్ స్పేమన్ ఒక్కరికే.

లక్ష్మి_ఈగలల్యాబ్: ఆవిడ 1924లోనే పోయారు, ఎలా ఇస్తారండీ?

రమణ_నెల్లూరు: ప్రైజు కాదు నా గొడవ! అది ఆవిడ పిహెచ్‌డి పని. ఆ పేపర్లో కూడా గైడ్ పేరే ముందుంది.

లక్ష్మి_ఈగలల్యాబ్: మీకు జరిగింది అన్యాయం, కాదనను. కానీ అది గైడ్ తప్పు, సైన్స్‌ది కాదు.

రమణ_నెల్లూరు: గైడ్ సంతకం లేకుండా థీసిస్ కదలదు. అలాంటప్పుడు ఆ రెండూ వేరెలా అవుతాయి?

సుజాత_యలహంక: కిరణ్ గారూ, వాడికి ఈగలే ఇష్టం. ఆ ల్యాబ్ పేపర్లన్నీ తీసి, విద్యార్థుల పేర్లు ఎక్కడున్నాయో ఈ రాత్రే ఇద్దరం కూర్చుని చూస్తాం. నాన్నతో మాట్లాడేది ఆ తర్వాతే.