‘ఫోరెన్సిక్ సాక్ష్యం’: సాక్షి లేకుండా సాక్ష్యమా?

ప్రశ్న: హత్య కేసు మీద వ్యాసం రాస్తున్నాను. నెత్తుటి మరక, వేలిముద్ర, వెంట్రుక, వీటన్నిటినీ కలిపి ‘ఫోరెన్సిక్ సాక్ష్యం’ అన్నాను. చూసినవాడే లేనప్పుడు సాక్ష్యం ఎక్కడిదని సంపాదకులు కొట్టేశారు. ఏం రాయమంటారు?

జవాబు: మీ సంపాదకుల పక్షాన పాణినే ఉన్నాడు. ‘సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్’. కళ్లారా చూసినవాడే సాక్షి. ఈ పట్టింపు వల్ల ఒక మనిషి హత్యానేరం నుంచి బయటపడ్డాడు కూడా. బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును గొంతు కోసి చంపారు. పెట్టెలో డబ్బు పోయింది, కాగితాలు మిగిలాయి. వాటిలో లేత నీలం అట్ట ఉన్న బెంగాలీ పంచాంగం ఒకటి. అట్ట మీద రెండు గోధుమరంగు మచ్చలు, చాలా మసకగా. భూతద్దం పెట్టి చూస్తే ఒకదానిలో వేలిగీతలు కనిపించాయి. మేనేజరు దగ్గర పనిచేసి, దొంగతనం కేసులో జైలుకు వెళ్లొచ్చిన నౌకరు ముద్రలు అప్పటికే కలకత్తాలో దాచి ఉన్నాయి. అతని కుడి బొటనవేలితో సరిపోయింది. మచ్చ నెత్తురేనని రసాయన పరీక్షలో తేలింది.

అయినా 1898లో విచారణ జరిగినప్పుడు అసెసర్లు, అంటే జడ్జికి అభిప్రాయం చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరులు, ఏమన్నారు? చంపుతుండగా ఎవరూ చూడలేదు కనుక హత్యకు శిక్ష వేయడం క్షేమం కాదన్నారు. దొంగతనానికి మాత్రమే శిక్ష పడింది. నేనైతే వాళ్లను తప్పుపట్టను. నెత్తురంటిన ఆ వేలు ఎవరిదో ముద్ర చెప్పింది. కత్తి పట్టింది ఎవరో చెప్పలేదు. అందుకే ‘ఆనవాలు’ అనమంటాను. హనుమంతుడు సీతకు చూపిన ఉంగరం ఆనవాలే కదా!

మరొకరు: ఆనవాలు వినసొంపుగానే ఉంది, కానీ పోలీస్ స్టేషన్లో ఎవరూ అనరు. ‘క్లూస్ టీమ్ ఆధారాలు సేకరించింది’ అంటారు. పైగా చట్టం పాణినిని ఎప్పుడో దాటిపోయింది. ఆ కేసు నడిచిన మరుసటి ఏడే, 1899లో, సాక్ష్య చట్టం 45వ సెక్షన్లో నిపుణుల అభిప్రాయం తీసుకోదగ్గ విషయాల్లో వేలిముద్రలనూ చేర్చారు. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో అది 39వ సెక్షన్. చోటు నుంచి ఎత్తి సీలు వేసినంతవరకు ఆధారం, కోర్టు ముందుకు వచ్చాక సాక్ష్యం. తీర్పుల్లో ‘సాక్ష్యాధారాలు’ అని జంటగా రాసేది ఊరికే కాదు.

ప్రశ్న వేసినవారు: ‘ఫోరెన్సిక్ ఆధారాలు’ అని మార్చి పంపాను. సంపాదకులు ఒప్పుకున్నారు. ఇప్పుడు ‘ఫోరెన్సిక్’కు తెలుగు అడుగుతున్నారు!