సిరంజి ఎవరిది వారిదే అంటున్నాడు, నమ్మొచ్చా?

గోదారి_అక్క: మా తమ్ముడు ఏడాదిగా నొప్పి ఇంజెక్షన్లు మత్తు కోసం వేసుకుంటున్నాడని మొన్నే తెలిసింది. నిలదీస్తే "నా సిరంజి నాదే అక్కా, ఎవరిదీ ముట్టుకోను" అంటాడు. హెచ్‌ఐవీ భయంతో నిద్ర పట్టడం లేదు.

మానేసినోడు: అక్కా, నేనూ మా ఇంట్లో అదే మాట చెప్పేవాణ్ని. అబద్ధమూ కాదు. నలుగురం నాలుగు కొత్త సిరంజిలు తెచ్చుకునేవాళ్లం. నీళ్లు మాత్రం ఒకే స్టీలు గ్లాసులో. అందరూ సూదులు అందులోనే కడిగేవాళ్లం. కాసేపటికి నీళ్లు లేత గులాబీ రంగుకి తిరిగేవి. అది ఎవడి రక్తమని ఒక్కడూ అడగలేదు. మందు కలిపే మూత, వడకట్టే దూది కూడా ఒకటే. నాకు హెచ్‌ఐవీ రాలేదు కానీ కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో 12 వారాలు మాత్రలు ఉచితంగా ఇచ్చారు, పోయింది.

ఫీల్డు_పని: మణిపూర్‌లో కొన్నాళ్లు పనిచేశాను. మత్తు సూదులు వేసుకునేవాళ్ల దగ్గర పాత సిరంజి తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్లం. బయట పడేస్తే వైరస్ చచ్చిపోతుందనుకుంటారు. సిరంజి లోపల చిక్కుకున్న రక్తంలో అది వారాల తరబడి బతకగలదు. ఇదంతా వాళ్లకి తెలియక కాదు. పోలీసులకి దొరికిపోతామని జేబులో కొత్త సిరంజి పెట్టుకోరు. ఒళ్లు నొప్పులు, వణుకు మొదలయ్యాక చేతికి దొరికిందే దేవుడు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం శుభ్రమైన సిరంజిలు పంచడం నేరం కాదు, కానీ ఆ సంగతి సందు చివర కానిస్టేబుల్‌కి ఎవరు చెప్తారు?

తమ్ముణ్ని ఓఎస్‌టీ సెంటర్ (మత్తు ఇంజెక్షన్‌కి బదులు మందు ఇచ్చే చోటు) గురించి అడగమనండి. అక్కడ రోజూ నాలుక కింద బ్యుప్రెనార్ఫిన్ మాత్ర పెడతారు, సూది అవసరం తగ్గుతుంది. అడ్రస్ కోసం హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం.

పాప_అమ్మ: నేను జన్మలో సూది ముట్టలేదు. మా ఆయన వాడేవాడు, కండోమ్ మాట ఎత్తితే "నా మీద అనుమానమా" అనేవాడు. ఇప్పుడు ఇద్దరం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రల మీద ఉన్నాం. పాపకి నెగటివ్. మీ తమ్ముడికి పెళ్లయిందా?

గోదారి_అక్క: లేదమ్మా, సంబంధాలు చూస్తున్నాం. ఆపేశాను.

ఇందాక గ్లాసు సంగతి అడిగాను. తల దించుకున్నాడు. రేపు హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీకి వెళ్తున్నాం.

ఫీల్డు_పని: రేపు నెగటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్లీ చేయించండి. హెపటైటిస్ సి టెస్టు కూడా అడగండి.