చెన్నై నుంచి ఓడలో మలేషియాకు బండి, అక్కడి నుంచి లావోస్ దాకా: ఏ కాగితం ముందు తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నేనూ మా బావమరిదీ చెరో బండి మీద థాయిలాండ్, లావోస్ తిరిగి రావాలనుకుంటున్నాం. మణిపుర్‌లో మోరే దాటి మయన్మార్ మీదుగా వెళ్ళాలని మా ఆలోచన. నా బండి మీద ఇంకా లోన్ ఉంది. మా బావమరిది బండి వాళ్ళ నాన్నగారి పేరు మీద ఉంది. ముందు వీసాలా, బండిని దేశం దాటించి తిరిగి తెచ్చుకోవడానికి తీసుకునే కార్నేనా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి అన్నా.

జవాబు:
తమ్ముడూ, మయన్మార్ దారి ఇప్పటికి పక్కన పెట్టండి. 2018 ఆగస్టులో మోరేకీ అవతలి తమూ ఊరికీ మధ్య సరిహద్దు గేటును పాస్‌పోర్టు, వీసా ఉన్నవాళ్ళకు తెరిచారు. అప్పట్లో అక్కడి ఏజెన్సీ గైడును వెంటబెట్టుకుని మనవాళ్ళు వెళ్ళేవాళ్ళు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక ఆ దారి పోయింది. ఇంకో దారిగా నేపాల్ దాటి చైనా మీదుగా వెళ్ళాలంటే చైనాలో ఏజెన్సీ, గైడు, తాత్కాలిక లైసెన్సు, నంబరు ప్లేటు అన్నీ కావాలి. ఇద్దరే పంచుకుంటే ఆ ఖర్చు మోయలేరు. చెన్నై రేవులో బండ్లు ఓడెక్కించి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో దించుకోవడం మీకు నయం.

ఇక వరుస. నిదానంగా వచ్చేవీ, గడువు లేనివీ ముందు. త్వరగా వచ్చేవీ, గడువు ఉన్నవీ చివర. అంటే వీసాల సంగతి ఆఖరున.

మన తెలుగువాళ్ళు అన్నిటికంటే ముందు పేరు చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. లైసెన్సులో, ఆర్‌సీలో చాలామందికి పొడి అక్షరమే. నాకూ అంతే. ఆర్‌సీ చూసి కార్నే రాశారు. ఒక సరిహద్దులో అధికారి రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, ఈ బండి నీది కాదు కదా అన్నాడు. భాష రాదు, ఇంటిపేరంటే ఏమిటో చెప్పలేను. మూడు గంటలు ఎండలో నిలబడ్డాక, నోటరీ చేయించిన అఫిడవిట్ సంచిలో ఉందని గుర్తొచ్చింది. అది ఉండబట్టి బయటపడ్డాను. మీరు అఫిడవిట్‌తో సరిపెట్టుకోవద్దు. ఆర్‌టీఏలో లైసెన్సు, ఆర్‌సీ రెండూ పాస్‌పోర్టు ప్రకారం దిద్దించుకోండి. నెల పట్టినా పట్టనివ్వండి.

తర్వాత మీ లోన్. బండిని దేశం దాటించడానికి అభ్యంతరం లేదని బ్యాంకు రాసివ్వాలి. కొన్ని బ్రాంచీల్లో అలాంటి లెటర్ ఎప్పుడూ ఇచ్చి ఉండరు, తిప్పుతారు. తీర్చగలిగితే తీర్చేసి ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకుకు తాకట్టులో ఉందన్న మాట, కొట్టివేయించుకోండి. మీ బావమరిది బండికి వాళ్ళ నాన్నగారి అనుమతి పత్రం ఇంగ్లీషులో నోటరీ చేయించవచ్చు. కానీ నన్నడిగితే బండిని అతని పేరుకు మార్పించుకోవడమే మేలు. ప్రతి గేటు దగ్గరా ఆ కథ చెప్పుకునే బాధ ఉండదు.

అప్పుడు కార్నే. అది బండికి పాస్‌పోర్టు లాంటిది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండిని అక్కడ అమ్మకుండా తిరిగి తెస్తామన్నందుకు బండి విలువను బట్టి హామీ పెట్టాలి. గడువు ఏడాది. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒక్కో అంకె వేలు పెట్టి చూసుకోండి. కార్నే అడిగే దేశంలోకి వెళ్ళేటప్పుడు ఒక ముద్ర, వచ్చేటప్పుడు ఒక ముద్ర. వచ్చేటప్పటి ముద్ర మరిచిపోతే బండి అక్కడే ఉండిపోయినట్టు లెక్క, సుంకం కట్టమంటారు. ముద్ర పడిందని కళ్ళారా చూడందే గేటు దాటకండి.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు ఆర్‌టీఏలో ఫారం 4ఏ ఇవ్వాలి. దానికీ ఏడాదికి మించి గడువు ఉండదు, కాబట్టి ఓడ బుక్ అయ్యాక తీసుకోండి.

మళ్ళీ అడిగినది:
చాలా థాంక్స్ అన్నా. మలేషియా, థాయిలాండ్ మనకు వీసా లేకుండానే రానిస్తున్నాయి కదా. బండికీ అంతేనా?

జవాబు:
కాదు. మనిషి వేరు, బండి వేరు. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనకు 30 రోజులు వీసా లేకుండా ఉండనిస్తోంది. ఈ వెసులుబాట్లు మారుతుంటాయి, టికెట్లు కొనే ముందు రెండు దేశాల ఎంబసీల సైట్లూ చూడండి. మలేషియాకైనా థాయిలాండ్‌కైనా చేరే ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. బండి విషయంలో థాయిలాండ్ గట్టిది. 2016 నుంచి విదేశీ నంబరు బండ్లకు అక్కడి ఏజెన్సీ ద్వారా ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర కస్టమ్స్ ఇచ్చే కాగితంలో బండి ఏ తేదీకి బయటికి పోవాలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంకా రోజులు మిగిలున్నాయని ఊరుకోకండి, ఆ తేదీయే చూడండి. లావోస్‌కు ఈ-వీసా దొరుకుతుంది, కానీ అన్ని గేట్లలో చెల్లదు. థాయిలాండ్ వైపు నోంగ్ ఖాయ్ దగ్గరి స్నేహ వంతెన దాటి లావోస్ రాజధాని వియంటియాన్ వెళ్ళండి, అక్కడ చెల్లుతుంది. మన బీమా ఈ దేశాల్లో పనికిరాదు, ఎక్కడికక్కడ థర్డ్ పార్టీ కొనుక్కోవాలి.

క్లాంగ్ దగ్గర ఉంటున్న మరొకరు:
ఒక మాట కలుపుతాను తమ్ముడూ. అసలు కార్నే బండితోపాటు పెట్టెలో పెట్టి పంపకండి, చేతిలో తెచ్చుకోండి. అది లేకుండా ఇక్కడ బండి విడిపించలేరు. ఓడ చేరిందని ఏజెంటు చెప్పాకే విమానం ఎక్కండి. ముందే వచ్చి కూర్చుంటే మీ 30 రోజులు హోటల్లోనే కరిగిపోతాయి.

మళ్ళీ అడిగినది:
ఆర్‌టీఏలో పేరు మార్పుకు స్లాట్ తీసుకున్నాం అన్నా. లోన్ తీర్చడం ఇప్పుడు కుదరదు. బ్యాంకు లెటర్‌లో ఏమేం రాయించాలి?

జవాబు:
పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, బండి నంబరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, వెళ్ళే దేశాల పేర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. తిరుగు తేదీకి రెండు నెలలు ఎక్కువే రాయించుకోండి, ఓడలు ఆలస్యమవుతాయి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద, సంతకం, సీలుతో రెండు అసలు ప్రతులు తీసుకోండి. ఒకటి కార్నే దరఖాస్తుకు పోతుంది, రెండోది మీ దగ్గర ఉండాలి.