కిల్పెక్ చర్చి ఫొటోలు: ఏ టైమ్‌కి వెళ్తే మంచిది?

వాసు_బర్మింగ్‌హామ్:
అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. హియర్‌ఫోర్డ్ దగ్గరున్న కిల్పెక్ చర్చికి తీసుకెళ్దామనుకుంటున్నాను. నా దగ్గర మామూలు క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్ ఉండే) కెమెరా, దాంతోపాటు వచ్చిన 18–55 మి.మీ. కిట్ లెన్సు ఉన్నాయి. వెలుగు ఎప్పుడు బాగుంటుంది? చుట్టూ ఉన్న సమాధులను ఫొటో తీస్తే ఎవరైనా తప్పు పడతారా? నాన్నకు అదే టెన్షన్.

రాణి_ఉస్టర్:
తప్పకుండా వెళ్లండి వాసు గారూ. ఇంగ్లండ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చర్చి ఇదే. 1140 ప్రాంతంలో కట్టారు. చాలా చిన్నది, తొందరపడితే పావుగంటలో చూసేసి వచ్చేయొచ్చు. దయచేసి అలా చేయకండి. చూరు కింద చుట్టూతా 80కి పైగా రాతి బొమ్మలున్నాయి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగండి. ఒకచోట కుక్క, కుందేలు పక్కపక్కనే ఉంటాయి. కుక్కకు వేలాడే చెవులు, దిగాలు చూపు. దాన్ని చెక్కినాయన ఇంట్లో కుక్కను పెంచి ఉంటాడని నా నమ్మకం. షీలా-నా-గిగ్ అనే నగ్న స్త్రీ బొమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. మన గుళ్ల గోపురాలు చూసి పెరిగినవాళ్లకు అదేమీ కొత్తగా అనిపించదు.

వెలుగు సంగతి. అసలైన శిల్పమంతా దక్షిణ ద్వారం దగ్గరే ఉంది. ఎండ ఎదురుగా పడితే చెక్కడం చదునుగా కనిపిస్తుంది. వేసవి మధ్యాహ్నమైతే చూరు నీడ పడి పై బొమ్మలు నల్లగా వస్తాయి. ఉదయం తొమ్మిది, పది మధ్య వెళ్తే ఎండ పక్క నుంచి గీరినట్టు పడుతుంది. అప్పుడు కుడివైపు స్తంభం తలమీద ఉన్న ముఖం చూడండి. నోట్లోంచి తీగలు రెండు పక్కలకూ పాకుతుంటాయి, ప్రతి ఆకు అంచూ విడిగా తెలుస్తుంది. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న యోధులున్నారు, వాళ్ల బట్టల మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. మబ్బు పడితే దిగులు పడకండి, ఆ ఎర్ర ఇసుకరాయి రంగు మబ్బులోనే నిండుగా వస్తుంది. ఉత్తరం గోడకు మాత్రం ఎండ దాదాపు రాదు.

కిట్ లెన్సుతో ద్వారం హాయిగా వస్తుంది. చూరు బొమ్మలకు మాత్రం 200 మి.మీ. దాకా వెళ్లే జూమ్ లెన్సు ఉండాలి. ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి. గోడకు ఆనుకుని పైకి గురిపెట్టకుండా వెనక్కి వెళ్లి తీయండి.

సీను_లీడ్స్:
సమాధుల గురించి నేను చెప్తాను. పాతవాటిని ఫొటో తీస్తే ఎవరూ ఏమీ అనరు. కొత్త సమాధులు, తాజా పూలు ఉన్నచోట కెమెరా దించెయ్యండి. ఎవరైనా సమాధి దగ్గర నిలబడి ఉంటే అటువైపే వెళ్లొద్దు. అక్షరాలు చదవడానికి సుద్ద, పిండి, బ్రష్ ఏదీ రాయకండి. ఆ రాళ్ల మీది పసుపు, బూడిద రంగు మచ్చలు రాతిపువ్వు (లైకెన్), అంటే రాతికి అంటుకుని పెరిగే జీవం. కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు, గీకితే వందేళ్ల ప్రాణం పోయినట్టే. టార్చిలైట్‌ను రాయి పక్క నుంచి పట్టండి, అరిగిన అక్షరం లేచి కనిపిస్తుంది. ఎవరినీ పాత రాళ్లకు ఆనుకోనివ్వకండి, కొన్ని వదులుగా ఉంటాయి.

వాసు_బర్మింగ్‌హామ్:
థాంక్స్ రాణి గారూ, సీను అన్నా. లోపల తీయొచ్చా? ఆదివారం వెళ్తే?

రాణి_ఉస్టర్:
ఆదివారం ప్రార్థన ఉందేమో ముందు కనుక్కోండి. అది ఇప్పటికీ ఊరి చర్చే, ప్రార్థన వేళ కెమెరా తీయడం బాగుండదు. మామూలు రోజు లోపల ఫ్లాష్ లేకుండా తీసుకోండి. ట్రైపాడ్ పెట్టాలనుకుంటే అక్కడివాళ్లను అడగండి. హుండీలో ఎంతో కొంత వేయండి. ఇలాంటి పాత కట్టడం చూసుకునే భారం ఎక్కువగా ఊరివాళ్ల మీదే పడుతుంది.

బయటికొచ్చాక పడమర పక్కనే కోట దిబ్బ ఉంది, ఎక్కి చూడండి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే కింద కూర్చోబెట్టండి, గడ్డి జారుతుంది. టైమ్ మిగిలితే అదే హియర్‌ఫోర్డ్‌షైర్‌లో ఉన్న ఎర్డిస్లీ ఊరి చర్చికి కూడా వెళ్లండి. ఇద్దరు యోధులు కొట్టుకుంటున్న బాప్తిస్మపు తొట్టి ఉంది అక్కడ, ఒకడి ఈటె ఇంకొకడి తొడలో దిగి ఉంటుంది. ఇదే శైలి శిల్పుల పని.