అంతర్జాతీయ సంస్థలో హెచ్‌ఆర్ చీఫ్ పోస్టు: ఫ్యాక్టరీ అనుభవం ఎంతవరకు అక్కరకొస్తుంది?

సున్నపురాయి_కడప అడిగినది:

అందరికీ నమస్కారం. యర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్, ఐఆర్ (కార్మిక సంబంధాలు) రెండూ చూస్తున్నాను. ఐక్యరాజ్య సమితి కుటుంబంలోని ఒక ప్రత్యేక సంస్థలో హెచ్‌ఆర్ చీఫ్ (పి-5, అంటే సీనియర్ ప్రొఫెషనల్ గ్రేడు) పోస్టుకు దరఖాస్తు పెడితే షార్ట్‌లిస్టులో పేరు వచ్చింది. ముందు రాత పరీక్ష, తర్వాత ప్యానెల్ ఇంటర్వ్యూ. ప్రధాన కార్యాలయం యూరప్‌లో, ఫీల్డ్ ఆఫీసులు ఆసియాలో, ఆఫ్రికాలో ఉన్నాయి.

నాకు వచ్చిన పని స్టాండింగ్ ఆర్డర్లు (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనలు), వేతన ఒప్పందాలు, 12(3) సెటిల్‌మెంట్లు (లేబర్ అధికారి మధ్యవర్తిత్వంలో యూనియన్‌తో కుదిరేవి), పీఎఫ్, ఈఎస్‌ఐ, కాంట్రాక్టు లేబర్, డొమెస్టిక్ ఎంక్వైరీలు (ఉద్యోగి తప్పు మీద కంపెనీ లోపలి విచారణలు). ఇందులో అక్కడ పనికొచ్చేది ఏది, పక్కన పెట్టాల్సింది ఏది? జీతాల పద్ధతి ఎంత చదివినా పూర్తిగా అర్థం కాలేదు. మొదటి సంవత్సరంలో కొత్త హెచ్‌ఆర్ చీఫ్‌లు ఎక్కడ దెబ్బ తింటారో తెలిసినవాళ్లు చెప్పండి. "ఆల్ ది బెస్ట్" అని రాయకపోయినా పర్వాలేదు, వివరాలు కావాలి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

సర్, అక్కడ మీ పైన లేబర్ ఆఫీసర్ ఉండడు. ముందుగా అలవాటు పడాల్సింది దీనికే. 1946, 1947 అంతర్జాతీయ ఒప్పందాల కింద ఈ సంస్థలకు చట్టపరమైన ఇమ్యూనిటీ ఉంటుంది. మన దేశంలో దాన్ని 1947 నాటి ఐక్యరాజ్య సమితి ప్రత్యేక హక్కుల చట్టం అమలు చేస్తుంది. కన్సిలియేషన్ లేదు, లేబర్ కోర్టు లేదు, ఇన్‌స్పెక్టర్ రాడు. మనకు దగ్గర్లో ఉన్న ఉదాహరణ పటాన్‌చెరు ఇక్రిశాట్. సమితిలో భాగం కాకపోయినా అదీ అంతర్జాతీయ సంస్థే. ఉద్యోగం పోయిన ఒకరు రిట్ వేస్తే, రాజ్యాంగం 12వ అధికరణ కింద అది 'రాజ్యం' కాదు, రిట్ నిలవదు అని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది.

అలాగని హెచ్‌ఆర్‌కు పట్టపగ్గాలు ఉండవని అనుకోకండి. దేశ చట్టం ఉండాల్సిన చోట సంస్థ సొంత నిబంధనలు ఉంటాయి, వాటిని ఉద్యోగుల కేసులు వినే ట్రిబ్యునల్ అక్షరం అక్షరం చదువుతుంది. పైన స్టాఫ్ రెగ్యులేషన్లు, వాటిని ఆమోదించేది సభ్యదేశాల పాలకమండలి. వాటి కింద స్టాఫ్ రూల్స్, ఇవి సంస్థ అధిపతి జారీ చేసేవి. ఇంకా కింద సర్క్యులర్లు, మాన్యువళ్లు. కింది పత్రం పై పత్రాన్ని దాటకూడదు. రూల్స్‌లో ఇచ్చిన సదుపాయాన్ని సర్క్యులర్‌తో తగ్గించి, రెండేళ్ల తర్వాత బకాయిలతో సహా కట్టాల్సి రావడం తరచూ ఎదురయ్యే దెబ్బ. సర్క్యులర్ మీద సంతకం పెట్టే ముందు అది ఏ రూల్ కింద వస్తుందో నంబరు రాయించుకోండి. నంబరు దొరకలేదంటే దాన్ని జారీ చేసే అధికారం మీకు లేనట్టే.

చేరిన వారంలోనే మీ సంస్థ ఏ ట్రిబ్యునల్ పరిధిలో ఉందో కనుక్కోండి. రెండు వ్యవస్థలున్నాయి, గడువులు వేరు.

ఐరాస సచివాలయం, దాని నిధి సంస్థలు 2009 జూలై 1న మొదలైన వ్యవస్థలో ఉన్నాయి. నిర్ణయం తెలిసిన 60 రోజుల్లోపు ఉద్యోగి మేనేజ్‌మెంట్ ఇవాల్యుయేషన్ (ఆ నిర్ణయాన్ని యాజమాన్యమే మళ్లీ పరిశీలించడం) అడగాలి. దానికి జవాబు ప్రధాన కార్యాలయంలో 30 రోజుల్లో, బయటి ఆఫీసుల్లో 45 రోజుల్లో రావాలి. ఆ తర్వాత 90 రోజుల్లో డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కు, అక్కడ ఓడినవారు 60 రోజుల్లో అప్పీల్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ప్రత్యేక సంస్థల్లో చాలావరకు జెనీవాలోని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పరిధిలో ఉంటాయి. దాని మూలం 1927 నాటి నానాజాతి సమితి ట్రిబ్యునల్. సంస్థ లోపలి అప్పీలు పూర్తయ్యాక, తుది నిర్ణయం అందిన 90 రోజుల్లో అక్కడికి వెళ్లాలి. వినతి మీద సంస్థ 60 రోజులు నోరు విప్పకపోతే దాన్ని తిరస్కరణ కింద తీసుకోవచ్చు. కాబట్టి ఫైలు టేబుల్ మీద ఊరికే పడి ఉన్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. మన దగ్గర ఫైలు నానబెడితే గొడవ చల్లారవచ్చు, అక్కడ నానబెట్టడమే ఒక నిర్ణయంగా లెక్కకొస్తుంది.

ఎంక్వైరీల సంగతి. మన డొమెస్టిక్ ఎంక్వైరీలో సంభావ్యత ఎటు మొగ్గితే అది చాలు. ఐరాస అప్పీల్స్ ట్రిబ్యునల్ మాత్రం ఉద్యోగం పోయే శిక్షకు స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం అడుగుతుంది. ఐఎల్‌ఓ ట్రిబ్యునల్ ఇంకా కఠినం, సందేహానికి తావు లేని రుజువు కావాలంటుంది. ఛార్జిషీటు రాసేవారూ విచారణ నడిపేవారూ ఒకే విభాగంలో ఉండటం మన ఫ్యాక్టరీల్లో మామూలు. అక్కడ విచారణ ఓవర్‌సైట్ ఆఫీసు పని. హెచ్‌ఆర్ చీఫ్ "నేను మాట్లాడి చూస్తాను" అని సాక్షులను పిలిచాడంటే కేసు అక్కడే సగం పాడైనట్టు.

చెనిక్కాయల_చేను (అనంతపురం):

అన్నా, హంద్రీ గారు చెప్పిన దాంట్లో తిరుగు లేదు. జీతాల సంగతి నేను చెప్తా. కొత్తవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఈడనే.

ప్రొఫెషనల్ కేడర్ (పి, డి గ్రేడ్లు) జీతం రెండు ముక్కలు. ఒకటి నికర మూల వేతనం. ఒకే గ్రేడు, ఒకే స్టెప్పు ఉంటే ఏ దేశంలో ఉన్నా ఇది ఒకటే. రెండోది పోస్ట్ అడ్జస్ట్‌మెంట్. న్యూయార్క్‌ను ప్రాతిపదికగా పెట్టుకొని, ఆ ఊరి ఖర్చును బట్టి మల్టిప్లయర్ ఇస్తారు. ఒక పాయింటు అంటే మూల వేతనంలో 1 శాతం. లెక్క సులువుగా ఉండాలని మూల వేతనం 80,000 డాలర్లు, మల్టిప్లయర్ 60 అనుకో. అడ్జస్ట్‌మెంట్ 48,000, మొత్తం 1,28,000. డాలరు పడిపోతే మల్టిప్లయర్ పెరుగుతుంది, డాలరు బలపడితే తగ్గుతుంది. స్థానిక కరెన్సీలో చేతికొచ్చేది పెద్దగా ఊగకుండా చూడటమే దాని ఉద్దేశం. "నా మల్టిప్లయర్ కోశారు" అని ఎవరన్నా వచ్చి కూర్చుంటే, ముందు ఆ నెల మారకం రేటు తీసి చూపించు.

ఈ స్కేళ్ల వెనకాల ఉండేది ఐసీఎస్‌సీ, అంటే ఇంటర్నేషనల్ సివిల్ సర్వీస్ కమిషన్. 1974లో జనరల్ అసెంబ్లీ పెట్టింది, 15 మంది సభ్యులు. పి గ్రేడ్లకు నోబుల్‌మేర్ సూత్రం: అత్యధికంగా జీతాలిచ్చే జాతీయ సివిల్ సర్వీసుతో పోల్చాలి. ఇప్పుడు ఆ పోలిక అమెరికా ఫెడరల్ సర్వీసుతో. వాళ్లది 100 అయితే వీళ్లది 110-120 మధ్య ఉండాలి, 115 దగ్గర ఉంటే మంచిది. స్థానికంగా తీసుకునే జనరల్ సర్వీస్ సిబ్బందికి ఫ్లెమింగ్ సూత్రం: ఆ ఊళ్లో మంచి యజమానులు ఇచ్చే జీతాల సర్వే. ఫీల్డ్ ఆఫీసుల్లో ఎక్కువ గొడవలు పుట్టేది ఈ సర్వేల దగ్గరే. ధరలు ఎగబాకే దేశంలో సర్వే ఆలస్యమైతే డ్రైవర్లు, క్లర్కులు నలిగిపోతారు. సర్వే కమిటీలో స్థానిక ఉద్యోగుల ప్రతినిధులు మొదటి రోజు నుంచీ ఉండాల, యజమానుల జాబితా వాళ్ల ముందే ఎంచాల. వాళ్లు లేకుండా చేసిన సర్వేను ఎవరూ నమ్మరు.

జెనీవా గొడవ తప్పకుండా చదువుకో. 2017లో ఐసీఎస్‌సీ అక్కడి పోస్ట్ అడ్జస్ట్‌మెంట్ తగ్గించింది. తగ్గించే అధికారం ఐసీఎస్‌సీకి లేదని 2019 జూలైలో ఐఎల్‌ఓ ట్రిబ్యునల్ కొట్టేసింది. ఐరాస ట్రిబ్యునళ్లేమో ఆ తగ్గింపును నిలబెట్టినాయి. ఫలితం, ఒకే ఊళ్లో ఒకే గ్రేడుకు రెండు జీతాలు. చివరికి 2021 డిసెంబరులో జనరల్ అసెంబ్లీ ఐసీఎస్‌సీ శాసనాన్నే సవరించింది. ఐసీఎస్‌సీ చెప్పిందని జీతం కోస్తే సరిపోదు, కోసే అధికారం ఎవరికుందో ముందు చూడాల అనేదానికి దీన్ని మించిన పాఠం లేదు.

పెన్షన్: ఉద్యోగి 7.9 శాతం, సంస్థ 15.8 శాతం. మన పీఎఫ్ 12-12 లాగా బేసిక్ మీద కాదు, పెన్షనబుల్ రెమ్యునరేషన్ అని వేరే స్కేలు ఉంది, అది నికర వేతనం కంటే పెద్దది. అందుకే మొదటి నెల పేస్లిప్ చూసి "ఎక్కువ కోశారు" అంటారు. నెలవారీ పెన్షన్ హక్కు రావాలంటే 5 ఏళ్లు నిండాల. అంతకంటే ముందే పోతే తన వాటా, దానిపైన 3.25 శాతం వడ్డీ, అంతే. సంస్థ వాటా రాదు. అన్నా, నీ వయసు, రిటైర్మెంటు 65, మధ్యలో మిగిలే ఏళ్లు కాగితం మీద వేసుకొని చూసుకో.

ఆ ఊళ్లో బతకడం ఎంత కష్టమో చెప్పే హార్డ్‌షిప్ వర్గాలు హెచ్, ఎ నుంచి ఇ వరకు. ఇంటికి పోయే సెలవు మామూలుగా 24 నెలలకొకసారి, కష్టమైన డి, ఇ చోట్ల 12 నెలలకు. పిల్లల చదువుల గ్రాంటు స్వదేశంలో పనిచేసేటప్పుడు రాదు. బదిలీ ఆర్డరు ఇచ్చే ముందు ఈ మాట చెప్పకపోతే తర్వాత పెద్ద రగడ.

కొండారెడ్డి_బురుజు:

చెనిక్కాయల గారి వివరాలు బాగున్నాయి. కానీ మొదటి ఏడాది దెబ్బ తినేది జీతాల దగ్గర కాదని నా అభిప్రాయం. నియామకాల దగ్గర, పోస్టుల రద్దు దగ్గర.

ఐరాస చార్టర్ 101వ అధికరణ వరుస చూడండి. ముందు సామర్థ్యం, యోగ్యత, నిజాయితీ, ఆ తర్వాతే వీలైనంత విస్తృత భౌగోళిక ప్రాతినిధ్యం. సచివాలయంలో ఒక్కో దేశానికి ఆశించే పోస్టుల శ్రేణిని సభ్యత్వం, చందా, జనాభా ఈ మూడింటికీ వేర్వేరు బరువులు ఇచ్చి లెక్కిస్తారు. మీ సంస్థ లెక్క వేరుగా ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి. రాయబార కార్యాలయాల నుంచి ఫోన్లు వస్తాయి. ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదని 100వ అధికరణ చెబుతుంది, మీరు భారతీయులు కాబట్టి మన ప్రభుత్వానికీ ఇదే వర్తిస్తుంది. ప్రతి ఫోన్‌కూ తేదీతో ఒక నోట్ ఫైలులో పెట్టండి.

నియామకం పూర్తి కావడానికి సచివాలయం లక్ష్యం 120 రోజులు. రోజులు కరిగేది ప్రకటన దగ్గర కాదు, వందల దరఖాస్తులను హైరింగ్ మేనేజర్ వడపోసే దగ్గర. మార్కుల కొలమానం ప్రకటనకు ముందే రాసి తాళం వేయండి. దరఖాస్తులు తెరిచాక కొలమానం మార్చారంటే, ఓడిన అభ్యర్థికి మీరే కేసు చేతికిచ్చినట్టు.

ఇక పోస్టుల రద్దు. 2025లో అమెరికా నిధులు తెగిపడ్డాక చాలా సంస్థలు సిబ్బందిని తగ్గిస్తున్నాయి, ఆ ఏడాది మార్చిలోనే యూఎన్80 పేరుతో సంస్కరణ మొదలైంది. మీకు ఇంటర్వ్యూలో దీని మీద ప్రశ్న రాకపోతే ఆశ్చర్యమే. ట్రిబ్యునల్ మూడు చూస్తుంది: పునర్వ్యవస్థీకరణ నిజమైనదేనా, పద్ధతి పాటించారా, ఆ మనిషికి వేరే తగిన పోస్టు నిజంగా వెతికారా. సంస్థలు ఎక్కువ కేసులు మూడోదాని దగ్గరే ఓడిపోతాయి. ఖాళీల జాబితా ఈమెయిల్ చేసి, దరఖాస్తు పెట్టుకోమనడం వెతకడం కిందికి రాదు. సచివాలయ రూల్స్‌లో కంటిన్యూయింగ్ (గడువు తేదీ లేని) నియామకం ఉన్నవారిని ముందు నిలుపుకోవాలి, తొలగిస్తే 3 నెలల నోటీసు. ఫిక్స్‌డ్ టర్మ్‌కు (గడువు ఉన్న నియామకానికి) 30 రోజులు.

ఫిక్స్‌డ్ టర్మ్ గడువు ముగిస్తే పొడిగించాలనే హక్కు ఎవరికీ లేదు, నిజమే. కానీ "నిధులు లేవు" అని కారణం రాసి, నెల తిరక్కుండా అదే పని కన్సల్టెంటుతో చేయిస్తే ఆ కారణం అబద్ధమైపోతుంది. ఇలా ఓడిపోయిన సంస్థలు తక్కువేమీ కాదు. మన కాంట్రాక్టు లేబర్ 'షామ్' (బూటకపు కాంట్రాక్టు) కేసులు చూసినవారు మీరు, ఇది తేలిగ్గానే పట్టుకుంటారు.

సున్నపురాయి_కడప:

చాలా కృతజ్ఞతలు. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. రెండు సందేహాలు మిగిలాయి. యూనియన్లతో బేరాలు చేసిన అనుభవాన్ని రాత పరీక్షలో, ఇంటర్వ్యూలో ఎలా చూపించాలి? స్టాఫ్ అసోసియేషన్‌తో వేతన ఒప్పందం లాంటిది ఉంటుందా?

హంద్రీ_ఒడ్డు:

వేతన ఒప్పందం ఉండదు సర్, జీతాల స్కేలు మీ చేతిలో లేదు కదా. ఉండేది సంప్రదింపు. కానీ అది మొక్కుబడిగా జరిగితే ఆ విధానమే రద్దు కావచ్చు. రూల్స్‌లో సంయుక్త కమిటీని సంప్రదించాలని ఉంటే, ముసాయిదా, లెక్కలు, స్పందించడానికి తగిన గడువు ఇచ్చినట్టు మినిట్స్‌లో కనిపించాలి. మీ 12(3) అనుభవంలో అసలు విలువ ఇక్కడుంది: ఎదుటివారి మాటను యథాతథంగా రాయించడం, ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ విడివిడిగా నమోదు చేయడం. దీన్ని ఉదాహరణగా చెప్పండి, సమ్మె ఆపిన వీరగాథగా కాదు.

రాత పరీక్షలో సాధారణంగా ఒక చిక్కు సందర్భం ఇచ్చి సంస్థ అధిపతికి మెమో రాయమంటారు. సిఫారసు మొదటి పేరాలోనే పెట్టండి. తర్వాత ఏ రూల్, ఏం రిస్కు, ఎంత ఖర్చు, ఎవరిని సంప్రదించాలి. "ముందు లీగల్ అభిప్రాయం తీసుకుంటాను" అని తప్పించుకుంటే మార్కులు పడవు. తీసుకోండి, కానీ లీగల్‌ను అడిగే ప్రశ్న ఏమిటో కూడా రాయండి.

ఇంటర్వ్యూ కాంపిటెన్సీ పద్ధతిలో ఉంటుంది: సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం. మనవాళ్లు మర్యాద కోసం "మా టీమ్ చేసింది" అంటారు, ప్యానెల్ దాన్ని మీ ఖాతాలో రాయదు. ఐరాస విలువల చట్రంలో ఉన్న నాలుగు, సమ్మిళితత్వం, నిజాయితీ, వినయం, మానవత, ఒక్కోదానికి ఫ్యాక్టరీ నుంచే రెండేసి ఉదాహరణలు సిద్ధం చేసుకోండి.

కొండారెడ్డి_బురుజు:

ఒక్కటి కలుపుతాను. సచివాలయ కొలమానంలో పి-5కు మాస్టర్స్ డిగ్రీ మీద 10 ఏళ్ల అనుభవం, మొదటి డిగ్రీతో అయితే మరో 2 ఏళ్లు. మీ డిగ్రీ ఇచ్చిన సంస్థకు ఆ రోజు గుర్తింపు ఉన్నట్టు కాగితం, ప్రతి యజమాని నుంచి తేదీలతో సర్వీస్ సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించుకోండి. దరఖాస్తులో రాసిన నెలకూ సర్టిఫికెట్‌లో ఉన్న నెలకూ తేడా వస్తే, ఆఫర్ వచ్చాక జరిగే తనిఖీలో అక్కడే ఆగుతుంది. పాత కంపెనీ మూతపడి ఉంటే పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16 చూపించవచ్చేమో ఆ సంస్థ రిక్రూట్‌మెంట్ వాళ్లను ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.