సంవత్సరం తెలియని వ్యాసాలు వరుసలో ఎక్కడ ఉండాలి?

భీమిలి_మాస్టారు:
మన వెబ్‌సైటులోని విశాఖ చరిత్ర వ్యాసాలను ‘సంఘటన సంవత్సరం’ అనే ఐచ్ఛిక ఫీల్డును బట్టి పేర్చడం మొదలుపెట్టిన నాటి నుంచి తొట్లకొండ, బావికొండ బౌద్ధ విహారాల మీది నా వ్యాసాలు జాబితాలో కనిపించడం లేదు. 1933 నాటి ఓడరేవు ప్రారంభం, 1948లో జల ఉష నౌక జలప్రవేశం, 2014 నాటి హుద్‌హుద్ తుపాను మాత్రం చక్కగా వరుసలో ఉన్నాయి. ఫీల్డును ఖాళీగా వదిలినందుకు వ్యాసమే మాయమయ్యేటట్లయితే దానిని ఐచ్ఛికమని ఎందుకన్నారు?

గాజువాక_కోడర్:
ఎవరూ ఏదీ తొలగించలేదు మాస్టారూ. మన సైటును నడిపే వర్డ్‌ప్రెస్‌లో మెటా కీ (అంటే ఫీల్డు పేరు) ఇచ్చి వరుస అడిగితే వ్యాసాల టేబులుకూ, ఫీల్డుల విలువలు దాచే పోస్ట్‌మెటా టేబులుకూ ఇన్నర్ జాయిన్, అంటే రెండింటిలోనూ ఉన్నవాటినే తెచ్చే కలయిక, జరుగుతుంది. సంవత్సరం రాయని వ్యాసానికి పోస్ట్‌మెటాలో ఆ కీతో రికార్డే ఉండదు కనుక అది ఫలితంలోకి రాదు. ఖాళీగా ఉన్న వాటన్నింటికీ 0 నింపేస్తే సమస్య తీరిపోతుంది.

సీతమ్మధార_డేటాబేస్:
0 అక్కరలేదు. మెటా క్వెరీలో ‘ఎగ్జిస్ట్స్’ (ఫీల్డు ఉంది), ‘నాట్ ఎగ్జిస్ట్స్’ (ఫీల్డు లేదు) షరతులను ‘ఆర్’ (లేదా)తో కలిపితే, ఫీల్డు లేని వ్యాసాలనూ ఉంచే లెఫ్ట్ జాయిన్ అవుతుంది, రెండు రకాల వ్యాసాలూ వస్తాయి. వర్డ్‌ప్రెస్ 4.2 వెర్షన్ నుంచి షరతుకు పేరు పెట్టి ఆ పేరుతోనే వరుస అడగవచ్చు. అయితే ‘నాట్ ఎగ్జిస్ట్స్’ షరతు పేరునే వాడాలి. కీ పేరు జాయిన్‌లోని ‘ఆన్’ భాగంలో, అంటే రెండు టేబుళ్లను జతచేసే నియమంలో, ఉండేది దానికే. ‘ఎగ్జిస్ట్స్’ షరతు పేరును వాడితే సంవత్సరం లేని వ్యాసానికి సంబంధం లేని మరేదో మెటా విలువ తగులుకుని వరుస చెడుతుంది.

మద్దిలపాలెం_77:
టైపు ‘న్యూమరిక్’ అని ఇవ్వడం మరువకండి. మెటా విలువ లాంగ్‌టెక్స్ట్, అంటే అంకెగా కాక అక్షరాలుగా దాచినది కాబట్టి, లేకపోతే 1933 తరువాత 950 వస్తుంది.

గాజువాక_కోడర్:
నేను ఇదివరకు పనిచేసిన చోట ఇలాంటి లెఫ్ట్ జాయిన్‌లే రాయించారు. మెటా విలువకు వెతుకులాటను వేగవంతం చేసే ఇండెక్స్ ఉండదు కదా, పేజీ నెమ్మదించింది, మాట పడింది నేను. సరళమైన క్వెరీ కావాలని అడగడం సోమరితనం కాదు.

భీమిలి_మాస్టారు:
మీ పాత యజమాని సంగతి నాకెందుకు? క్రీస్తుపూర్వపు సంవత్సరాలను మీరే రుణసంఖ్యలుగా రాయమన్నారు. ఇప్పుడు 0 నింపితే, కాలం తెలియని ప్రతి వ్యాసమూ క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ నడుమ వచ్చి కూర్చుంటుంది. క్రీ.పూ. 1 తరువాత వచ్చేది క్రీ.శ. 1, 0 అనే సంవత్సరమే లేదు. మీ సౌకర్యం కోసం చరిత్రలో లేని ఏడాదిని పుట్టిస్తారా?

పెందుర్తి_రీడర్:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే ‘నల్స్ లాస్ట్’ (ఖాళీవి చివర) అని ఒక్క మాటతో పోయేది.

సీతమ్మధార_డేటాబేస్:
వర్డ్‌ప్రెస్ నడిచేది మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ డేటాబేస్‌ల మీద. ఆ సలహా ఇక్కడ పనికిరాదు.

గాజువాక_కోడర్:
అయితే మాస్టారూ, 0 వద్దంటే మీరే ఒక అంకె వేయండి. తొట్లకొండకు -200 అని రాస్తే ఈ చర్చే ఉండదు. రాయమంటే రాయరు, తప్పు మాత్రం నా కోడుదంటారు!

భీమిలి_మాస్టారు:
ఎందుకు రాయనో వినండి. క్రీస్తుపూర్వంలో మొదలై క్రీస్తుశకంలోనూ కొనసాగిన బౌద్ధ విహారానికి ఒక్క ఏడాదిని అంటగట్టడం నాకు సమ్మతం కాదు. తోచిన అంకె వేసినవారి వ్యాసం దర్జాగా వరుసలో నిలబడుతోంది, నిర్ధారణ కాలేదని ఖాళీ వదిలినవాడి వ్యాసం గల్లంతవుతోంది. నా అభ్యంతరం జాయిన్ మీద కాదు, ఈ పద్ధతి మీద.

సీతమ్మధార_డేటాబేస్:
ఇది క్వెరీ తేల్చే విషయం కాదు. మైఎస్‌క్యూఎల్ నల్‌ను, అంటే ఖాళీ విలువను, అన్నిటికన్నా చిన్నదిగా లెక్కిస్తుంది కాబట్టి ఆరోహణ క్రమంలో ఖాళీవి మొదట వస్తాయి. ముందు ‘ఈజ్ నల్’ (ఖాళీయా కాదా) మీద పేర్చి, ఆపైన సంవత్సరం మీద పేరిస్తే చివరికి పోతాయి. ఏది కావాలో మీరు తేల్చుకోండి. ‘ఆరంభం’, ‘ముగింపు’ అని రెండు ఫీల్డులు పెట్టుకోవడం ఇంకా మేలని నా అభిప్రాయం.

గాజువాక_కోడర్:
సరే, 0 మాట వదిలేస్తున్నాను. ఖాళీవి చివర ఉంటాయి, వాటిలో వాటికి ప్రచురణ తేదీయే వరుస.

భీమిలి_మాస్టారు:
చివర అంటే హుద్‌హుద్ తరువాత తొట్లకొండా? ఒప్పుకోను. ‘కాలం నిర్ధారణ కానివి’ అనే విడి శీర్షిక కింద అవి జాబితాకు పైన ఉండాలి.

గాజువాక_కోడర్:
పైన పెడితే రేపటి నుంచి తెలిసిన సంవత్సరాన్ని కూడా ఎవరూ నింపరు.